గింజ వెళ్ళింది, సున్నం వెళ్ళలేదు

జొన్నరొట్టె ఎలా చేస్తారో మీరు చూసే ఉంటారు. పిండిలో మరిగిన నీళ్ళు పోసి, బాగా మర్దించి, అరచేతులతో తట్టి, పెనం మీద కాలుస్తారు. వేడివేడి రొట్టెలో వేరుశనగ పచ్చడి నంజుకుంటే ఎంత రుచి!

మరి, చన్నీళ్ళకు బదులు మరిగిన నీళ్ళే ఎందుకు పోస్తారు? గోధుమపిండిని తడిపితే సాగే జిగురు తయారవుతుంది. జొన్నపిండిలో ఆ జిగురు లేదు. వేడినీళ్ళు తగిలితే పిండి కొంత ఉడికి అంటుకుంటుంది. అందుచేతనే రొట్టె విరిగిపోదు. చూశారా, వంటింట్లో ప్రతి పనికీ ఒక కారణం ఉన్నది! ఆ కారణం తెలియక పనిని మానేస్తే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి వినండి.

మెక్సికో దేశంలో తోర్తియా అనే రొట్టె ఉన్నది. దానిని మొక్కజొన్నతో చేస్తారు. ఉడికించిన చిక్కుడు గింజలూ, మిరపకాయల పచ్చడీ పెట్టుకుని తింటారు. మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికోయే. అక్కడివారు వేల ఏళ్ళుగా గింజలను సున్నపు నీటిలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, తెల్లవారి పొట్టు పోయేలా కడిగి, సన్నికల్లు వంటి రాతి మీద నూరుతున్నారు. ఆ సున్నం మరేదో కాదు, మనవాళ్ళు తాంబూలంలో రాసుకునేదే! అలా చేస్తే పిండి చక్కగా అంటుకుంటుంది. అంతకంటె పెద్ద లాభం మరొకటి ఉన్నది గాని, అది ఎవరికీ తెలియదు.

1492లో కొలంబస్ అమెరికా చేరాడు. తరవాత మొక్కజొన్న ఓడలెక్కి యూరపుకు వెళ్ళింది. కాని సున్నం పద్ధతి వెళ్ళలేదు. స్పెయిన్‌లోనూ ఇటలీలోనూ పేద రైతులు గింజలను ఊరికే పిండి కొట్టి, మూడు పూటలా అదే వండుకుని తిన్నారు. కొంతకాలానికి వారికి ఒక వింత జబ్బు పట్టుకున్నది. ఎండ తగిలినచోట చర్మం ఎర్రబడి పగిలేది. విరేచనాలు పట్టుకునేవి. మతి చెడేది. చివరకు చాలామంది చనిపోయేవారు. 1771లో ఒక ఇటలీ వైద్యుడు దానిని పెల్లగ్రా అన్నాడు. అంటే గరుకు చర్మం అని అర్థం.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ జబ్బు అమెరికా దక్షిణ రాష్ట్రాలలో వేలమందిని బలిగొన్నది. చాలామంది అది అంటువ్యాధి అనుకున్నారు. 1914లో అక్కడి ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుణ్ణి పంపింది. ఆయన ఒక సంగతి గమనించాడు: పిచ్చాసుపత్రులలో రోగులకు పెల్లగ్రా వస్తున్నది, వారి మధ్యనే తిరిగే నర్సులకు రావటం లేదు. అంటువ్యాధికి నర్సులంటే భయమా? కాదు. రోగుల తిండి వేరు, నర్సుల తిండి వేరు! ఆయన అనాథశరణాలయాల పిల్లలకు పాలు, మాంసం, చిక్కుడు గింజలు పెట్టించాడు. జబ్బు మాయమయింది. అయినా కొందరు నమ్మలేదు. 1916లో ఆయన రోగి రక్తాన్ని తన ఒంటికే ఎక్కించుకున్నాడు. ఆయనకు జబ్బు రాలేదు!

తిండిలో లోపించిన పదార్థం ఏదో తెలియకముందే, 1929లో ఆయన కన్నుమూశాడు. 1937లో కాన్రాడ్ ఎల్వేజెమ్ అనే శాస్త్రజ్ఞుడు దానిని కనుక్కున్నాడు. అదే నియాసిన్ అనే విటమిను. మొక్కజొన్నలో నియాసిన్ ఉన్నది, కాని తాళం వేసిన పెట్టెలో సొమ్ములాగా మన ఒంటికి అందదు. ఆ తాళం తీసేది సున్నపు నీరు! మెక్సికో అవ్వలకు విటమిను పేరు తెలియకపోయినా, తాళంచెవి మాత్రం వారి చేతిలోనే ఉన్నది.

మన జొన్న మాటేమిటి? జొన్న తప్ప మరేమీ దొరకని దక్కను పేదలలో కూడా పెల్లగ్రా కనిపించింది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకంఠయ్య అనే శాస్త్రజ్ఞులు 1960లో దాన్ని గురించి రాశారు. ఇది విని జొన్నరొట్టెను చూసి భయపడకండి. తప్పు రొట్టెది కాదు, ఒంటరి రొట్టెది! పప్పు, పాలు, ఆకుకూరలు తోడుంటే జొన్న మంచి ఆహారం. రొట్టెలోకి వేరుశనగ పచ్చడి చేసుకుంటాం గదా, ఆ వేరుశనగలో నియాసిన్ పుష్కలంగా ఉన్నది.

ఒక హెచ్చరిక: సున్నంతో మీరు స్వయంగా వంట ప్రయోగాలు చేయకండి. అది కంట్లో పడితే చాలా ప్రమాదం.

దానికి బదులు ఇంకొక పని చేయండి. ఈ ఆదివారం మీ అమ్మమ్మ పక్కన కూర్చుని, ఆమె వంటలో చేసే పనులన్నీ ఒక పుస్తకంలో రాయండి. ప్రతి పనికీ ఎదురుగా "ఎందుకు?" అని వేసుకోండి. ఆమె చెప్పలేనివాటికి జవాబు మీరే పెద్దయి కనుక్కోవచ్చు.