మార్కుల పట్టిక

మే నెల ఎండలు ముదిరేసరికి కోలారు జిల్లాలో పదవ తరగతి పిల్లలున్న ప్రతి ఇంటిలోనూ ఒకే ప్రశ్న వినిపిస్తుంది. ఫలితాలు ఎప్పుడు? పూర్వం ఫలితాలు వార్తాపత్రికలలో అచ్చయ్యేవి. పేర్లు ఉండేవి కావు, నెంబర్లు మాత్రమే ఉండేవి. ఒక్క పత్రిక చుట్టూ పదిమంది మూగి, చిన్న చిన్న అంకెల వరుసల మీద వేలు పెట్టి వెతికేవారు. తన నెంబరు కనబడినవాడు ఇంటికి పరుగెత్తేవాడు. కనబడనివాడు మరొకసారి మొదటినుండి వెతికేవాడు. ఇప్పుడు ఆ వెతుకులాట లేదు. చేతిలోని ఫోనులో క్షణంలో మార్కులు కనిపిస్తాయి. అయితే "మీవాడికి ఎంతొచ్చింది?" అని పక్కింటివారు అడగడం మాత్రం మారలేదు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పేటప్పుడు తల్లి ముఖంలో కనిపించే వెలుగు, లేదా ఆమె మాట తప్పించే తీరు, ఈ రెండూ పిల్లలకు బాగా తెలుసు.

కొన్ని అంకెలకు ఇంత విలువ ఎందుకు వచ్చింది? కోలారు బంగారు గనుల ప్రాంతంలో ఈ ప్రశ్నకు జవాబు నేల అడుగున ఉంది. 1880లో ఇక్కడ జాన్ టేలర్ కంపెనీ తవ్వకాలు చేపట్టింది. నూట ఇరవై ఏళ్ళ కాలంలో గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. ఆ లోతులో రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. రాళ్ళు ఉన్నట్టుండి పేలి మీద పడే ప్రమాదం ఎప్పుడూ ఉండేది. రాతి ధూళి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్న కార్మికులు ఎందరో. తమిళ ప్రాంతాలనుండి, చిత్తూరు సీమనుండి వచ్చిన కుటుంబాలు లైన్లలోని చిన్న చిన్న ఇళ్ళలో కాపురముండేవి. అటువంటి ఇంట్లో బిడ్డ చదువుకోవడమంటే పెద్ద ఉద్యోగం మాట తరువాత. ముందుగా, తండ్రిలా భూమి కిందికి దిగనక్కరలేకుండా ఉండటం. పరీక్ష తప్పితే గని, గట్టెక్కితే వెలుతురు. తల్లిదండ్రులు ఈ మాట పైకి అనకపోయినా వారి మనసులోని లెక్క అది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. దిగవలసిన గనే లేకుండా పోయింది. దానితో మార్కుల భారం తగ్గి ఉండవలసింది కదా! జరిగింది దీనికి విరుద్ధం. తండ్రి పని కొడుకుకు అందే దారి మూసుకుపోయాక మిగిలిన దారి చదువు ఒక్కటే అయింది. ఊరిలోనే ఉన్న భారత్ ఎర్త్ మూవర్స్ కర్మాగారంలో అందరికీ చోటు ఉండదు. అందుకే తెల్లవారకముందే మారికుప్పంలో బయలుదేరే రైలు చాంపియన్, ఊరుగాం, కోరమాండల్ స్టేషన్లలో జనాన్ని ఎక్కించుకొని, బంగారుపేట మీదుగా బెంగళూరు చేరుతుంది. రోజూ అంత దూరం పోయి రాత్రికి తిరిగివచ్చే తండ్రికి, తన బిడ్డ మంచి మార్కులు తెచ్చుకుంటే, ఆ ప్రయాణానికి ఒక అర్థం ఉన్నట్లు తోస్తుంది.

ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెలలో కథ వేరుగా కనబడినా ఫలితం ఒకటే. జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. రైతు చెరువును, బోరుబావిని నమ్ముకొని టమాటా, మల్బరీ, మామిడి పండిస్తాడు. ఒక వారం టమాటాకు మంచి ధర పలుకుతుంది. మరొక వారం కోత కూలి కూడా రాదు. వానను నమ్మలేని, ధరను నమ్మలేని మనిషికి పరీక్ష ఒక్కటి నమ్మదగినదిగా కనిపిస్తుంది. చదివితే మార్కులు వస్తాయి, మార్కులు వస్తే ఉద్యోగం వస్తుంది అన్న లెక్క సూటిగా ఉంటుంది. అది ఎప్పుడూ నిజం కాకపోవచ్చు. కాని తక్కిన లెక్కలకన్నా నయం.

పరీక్షను నమ్ముకోవడం కొత్త విషయమేమీ కాదు. చైనాలో ఉద్యోగులను వ్రాత పరీక్షల ద్వారా ఎన్నుకొనే పద్ధతి దాదాపు 1300 సంవత్సరాలు నడిచి 1905లో రద్దయింది. తలలు నెరిసేదాకా ఆ పరీక్షలు వ్రాసినవారు అక్కడ ఉండేవారు. నేటికీ దక్షిణ కొరియాలో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షనాడు, ఆంగ్లం విని వ్రాసే భాగం జరిగే కొద్దిసేపు విమానాలు దిగకుండా, లేవకుండా ఆపుతారు. ఇందుకు భిన్నంగా ఫిన్లాండులో ఉన్నత పాఠశాల చివర వరకు దేశమంతటికీ ఒకటే అయిన పెద్ద పరీక్ష ఉండదు. పరీక్షలు లేకపోతే పిల్లలు చదవరు అనేవారికి ఆ దేశం ఒక చిక్కు ప్రశ్న.

మన దేశంలో పరీక్షల పద్ధతి 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలతో స్థిరపడింది. ఆ పద్ధతిలో నెగ్గినవారు, తప్పినవారు ఇద్దరూ కోలారు గడ్డ మీద ఉన్నారు. వారి కథలు పక్కపక్కన పెట్టి చూడదగినవి.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ముద్దేనహళ్ళిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు అప్పటి కోలారు జిల్లాలోనిది. 2007లో ఏర్పడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో ఇప్పుడున్నది. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పి ఆ డబ్బుతో చదువుకొని, 1881లో సెంట్రల్ కాలేజీనుండి బి.ఏ. పట్టం పొందారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనా వెళ్ళి, 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథములుగా నిలిచారు. ఆ మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగం దొరికింది. పరీక్ష పేదబిడ్డకు తలుపు తెరవడమంటే ఇదే. ధనముగాని, పలుకుబడిగాని లేని ఇంటి బిడ్డ అంత ఎత్తుకు ఎక్కడానికి ఆ రోజులలో మరొక నిచ్చెన లేదు.

డి.వి. గుండప్పగారు 1887లో ముళబాగిలులో జన్మించారు. కన్నడిగులు ఆయనను డి.వి.జి. అని ప్రేమతో పిలుచుకుంటారు. ఆయన మెట్రిక్యులేషన్ పరీక్ష తప్పారు. తరువాత కొన్నాళ్ళు బడిలో తాత్కాలికంగా పాఠాలు చెప్పారు. కొన్నాళ్ళు కోలారు బంగారు గనుల ఊరిలోనే ఒక సోడా ఫ్యాక్టరీలో పనిచేశారు. ఇప్పుడైతే అటువంటి కుర్రవాడిని చూసి ఇరుగుపొరుగువారు ఏమనుకొంటారో ఊహించడం కష్టం కాదు. ఆయన బెంగళూరు చేరి పత్రికలలో పనిచేస్తూ, సంస్కృతం, ఆంగ్లం, రాజనీతి తనంతట తాను చదువుకొన్నారు. 1943లో వెలువడిన 'మంకుతిమ్మన కగ్గ' ఆయన కీర్తిని కర్ణాటకమంతటా నిలిపింది.

విశ్వేశ్వరయ్యగారు దివానుగా ఉన్న కాలంలో, 1916లో, మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే విశ్వవిద్యాలయం 1961లో, మెట్రిక్ తప్పిన గుండప్పగారికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. వీరిద్దరూ ఒకరినొకరు ఎరిగినవారు, ప్రజాకార్యాలలో కలసి పనిచేసినవారు. అయితే పరీక్ష తప్పినవారందరూ గుండప్పలు కారు. తప్పడం గొప్ప అనుకోవడానికి ఆయన కథ ఆధారం కాదు. తప్పిన తరువాత ఆయన చదివినంతగా, నెగ్గినవారిలో కూడా చాలామంది చదవలేదు.

మూడు గంటల వ్రాత దేనిని కొలుస్తుంది, దేనిని కొలవదు అనేది కూడా ఆలోచించదగినదే. 2024లో కర్ణాటక పదవ తరగతి పరీక్షకు మొత్తం మార్కులు 625. అందులో ప్రథమ భాషకు 125, తక్కిన అయిదు విషయాలకు నూరేసి. అంటే తెలుగును ప్రథమ భాషగా తీసుకొన్న విద్యార్థికి అన్నిటికన్నా పెద్ద వాటా తెలుగుదే. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడం లేదా తమిళం, పుస్తకంలో ఆంగ్లం. ఇన్ని భాషల మధ్య నడిచే పిల్లవాడి నేర్పును కొలిచే ప్రశ్న మాత్రం ఏ ప్రశ్నపత్రంలోనూ ఉండదు.

ఉత్తీర్ణత శాతం కూడా పిల్లల తెలివికి మాత్రమే అద్దం కాదు. రాష్ట్రంలో 2023లో 83.89 శాతం మంది ఉత్తీర్ణులయ్యారు. 2024 మొదటి పరీక్షలో, గ్రేస్ మార్కులు పెంచిన తరువాత కూడా, అది 73.40 శాతమే. ఒక్క ఏడాదిలో పిల్లల బుద్ధి అంత తగ్గిపోతుందా? ఆ ఏడాది పరీక్ష గదులలో కెమెరాలు పెట్టి గట్టిగా కనిపెట్టారు. మారినది పరీక్ష నడిపిన తీరు.

తల్లిదండ్రుల గర్వం బిడ్డకు బలమూ అవుతుంది, బరువూ అవుతుంది. ఏది ఎప్పుడు అవుతుందో తెలుసుకోవడానికి అమెరికాలో క్లాడియా ముల్లర్, కేరల్ డ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన 1998లో వెలువడింది. అయిదవ తరగతి పిల్లలకు కొన్ని తేలిక లెక్కలు ఇచ్చారు. చేసినవారిలో కొందరిని "నీవు చాలా తెలివైనవాడివి" అని, మరికొందరిని "నీవు బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకొన్నారు. తరువాత కష్టమైన లెక్కలు ఇచ్చారు. అందరూ తడబడ్డారు. మళ్ళీ తేలిక లెక్కలు ఇచ్చినప్పుడు, తెలివిని పొగిడించుకొన్నవారు మొదటికన్నా తక్కువ చేశారు. శ్రమను పొగిడించుకొన్నవారు మొదటికన్నా ఎక్కువ చేశారు. మరొక విచిత్రం కూడా బయటపడింది. తమకు వచ్చిన మార్కులను వేరొక పిల్లవాడికి వ్రాసి తెలుపమంటే, తెలివైనవారు అనిపించుకొన్న పిల్లలలో పదింట దాదాపు నలుగురు ఎక్కువ చేసి వ్రాశారు. పొగడ్త నిలుపుకోవడానికి అబద్ధం అవసరమైంది. "మా అబ్బాయికి ఎప్పుడూ ఫస్టే" అని చుట్టాల ముందు పదే పదే చెప్పే తండ్రి, ఏ దురుద్దేశమూ లేకుండానే, ఇటువంటి అవసరాన్ని కలిగిస్తూ ఉంటాడు.

భయం జ్ఞాపకశక్తిని ఎలా దెబ్బతీస్తుందో కూడా శాస్త్రజ్ఞులు గమనించారు. ఆలోచించేటప్పుడు మనసు ఒకేసారి కొద్ది విషయాలనే పట్టి ఉంచగలదు. "తప్పితే నాన్న ఏమంటాడో" అన్న దిగులు ఆ కొద్ది చోటులో సగం ఆక్రమిస్తే లెక్కకు మిగిలేది సగమే. అందుకే ఇంటి దగ్గర వచ్చిన లెక్క పరీక్ష గదిలో రాకుండా పోతుంది. చికాగో విశ్వవిద్యాలయంలో జరిగి 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద వ్రాసుకొన్న విద్యార్థులు మెరుగుగా వ్రాశారు. పరీక్షలంటే ఎక్కువ భయపడేవారికే ఇది ఎక్కువగా ఉపకరించింది.

పరీక్షలో చదువుకు మేలు చేసే గుణం కూడా ఉంది. మార్కులు వేసి పోల్చే పరీక్ష సంగతి కాదు. పుస్తకం మూసి, చదివినది గుర్తు తెచ్చుకొనే పరీక్ష సంగతి. 2006లో రోడిగర్, కార్పికీ అనేవారు దీనిని నిరూపించారు. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత ఎక్కువ చెప్పగలిగారు. ఒకసారి చదివి, పుస్తకం చూడకుండా వ్రాసి చూసుకొన్నవారు వారం తరువాత ఎక్కువ చెప్పగలిగారు. రాత్రంతా మేలుకొని పది మార్లు తిరగేసేకంటే, మూసిన పుస్తకం పక్కన పెట్టుకొని తెలుపు కాగితం మీద వ్రాసుకొని, వేళకు నిద్రపోవడం మేలు. నిద్రలోనే చదివినది మెదడులో కుదురుకొంటుంది.

ఇంత భారం మోసే అంకె ఒక్కొక్కప్పుడు తప్పు కూడా కావచ్చు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలలో పొరపాట్లు బయటపడ్డాయి. బాగా చదివే పిల్లలకు సున్నా మార్కులు, వ్రాసినవారికి రాలేదన్న గుర్తు కనిపించాయి. ప్రభుత్వం తప్పినవారందరి పత్రాలను రుసుము లేకుండా మళ్ళీ చూడమన్నది. వెయ్యిమందికి పైగా విద్యార్థులు నిజానికి ఉత్తీర్ణులే అని తేలింది. ఆ లోపలే కొన్ని ఇళ్ళలో తీరని శోకం మిగిలింది. మనసు బాగా కుంగినప్పుడు ఎవరితోనైనా మాట్లాడటానికి 2022 అక్టోబరులో దేశమంతటా టెలీ మానస్ అనే ఉచిత సేవ మొదలైంది. దాని నెంబరు 14416. తెలుగులోను, కన్నడంలోను కూడా అక్కడ మాట్లాడవచ్చు.

కర్ణాటకలో 2024లో పదవ తరగతికి ఒక్క పరీక్షకు బదులు మూడు అవకాశాలు కల్పించారు. ఆ ఏడాది మొదటిది మార్చి, ఏప్రిల్ నెలలలో, రెండవది జూన్‌లో, మూడవది ఆగస్టులో జరిగాయి. మూడింటిలో ఎక్కువ వచ్చిన మార్కులు లెక్కకు వచ్చాయి. తప్పినవారే కాదు, మార్కులు చాలలేదనుకొన్నవారు కూడా వ్రాసే వీలుండేది. తన జవాబు పత్రం నకలు తెప్పించుకొని చూసుకొనే వీలు, మళ్ళీ దిద్దమని అడిగే వీలు కూడా ఉన్నాయి. నకలు ఇంటికి వచ్చాక తండ్రీ కూతుళ్ళు పక్కపక్కన కూర్చొని పుటలు తిప్పుతారు. ఎంత వచ్చింది అన్న ప్రశ్న అప్పటికే పాతబడి ఉంటుంది. ఇక్కడ ఏమి వ్రాశావు, ఎందుకు ఇలా వ్రాశావు అని తండ్రి అడుగుతాడు. చాలా ఇళ్ళలో ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.