రూటర్ కొనే ముందు ఇల్లు చూడండి
ఇంటి వైఫై: అపోహలు – వాస్తవాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ ఊళ్లలోకి వచ్చింది. బీఎస్‌ఎన్‌ఎల్, ప్రైవేటు కంపెనీలు, స్థానిక కేబుల్ ఆపరేటర్లు కూడా కనెక్షన్లు ఇస్తున్నారు. ఆఫీసు బెంగళూరులో, ఉద్యోగి మదనపల్లెలో ఉండే ఇళ్లున్నాయి. ఫైబర్ గుమ్మం దాకా బాగానే వస్తోంది. తంటా అంతా గుమ్మం దాటాకే. నాలుగు ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్, వాకిట్లో సీసీ కెమెరా ఒకేసారి నడిచేసరికి వైఫై మొరాయిస్తుంది. అప్పుడు ఎవరో చెప్పిన మాట పట్టుకుని దుకాణానికి వెళ్లి వేలు పోసి వస్తున్నారు. మధ్యతరగతి ఇంటికి అది చిన్న మొత్తం కాదు. అందుకే ఏది నిజమో, ఏది కాదో తేల్చుకుని కొనాలి.

అపోహ: యాంటెనాలు ఎన్ని ఎక్కువుంటే సిగ్నల్ అంత దూరం వెళ్తుంది.

వాస్తవం: రూటర్ ఎంత శక్తితో ప్రసారం చేయాలన్న దానికి ప్రభుత్వ నిబంధనల్లో పరిమితి ఉంది. యాంటెనాలు నాలుగున్నా ఆరున్నా ఆ పరిమితి దాటవు. కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు, కొన్ని 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకు పనిచేస్తాయి. వాటివల్ల వేగం కొంత పెరగవచ్చు కానీ గోడలు అడ్డు తప్పుకోవు. కుప్పం చుట్టుపక్కల రాతికి కొదవలేదు, అక్కడి గ్రానైటుకు దేశమంతా పేరుంది. మందపాటి రాతి గోడల పాత ఇంట్లోనైనా, కాంక్రీటు స్లాబు వేసిన రెండంతస్తుల మిద్దెలోనైనా సిగ్నల్ బలం తగ్గేది గోడ దగ్గరే, స్లాబు దగ్గరే.

చాలా ఇళ్లలో రూటర్ వీధి గదిలో, టీవీ వెనక, నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. ఫైబర్ ఆ కిటికీలోంచి వచ్చింది కాబట్టి కేబులాయన అక్కడే బిగించి వెళ్లాడు. దాన్ని ఇంటి మధ్యకు, తలెత్తు కంటే పైకి మార్చండి. ఇనుప బీరువాకు, ఫ్రిజ్‌కు, మైక్రోవేవ్‌కు దూరంగా ఉంచండి. వెనక గదిలో స్పీడ్ టెస్టు ముందోసారి, తర్వాతోసారి చేసి చూడండి. ఈ ఒక్క మార్పుతో కొత్త రూటర్ అవసరమే తీరిపోయే ఇళ్లుంటాయి.

అపోహ: డబ్బా మీద 60 పరికరాలు అని ఉంటే 60 హాయిగా నడుస్తాయి.

వాస్తవం: ఆ అంకె ఎన్నింటిని కలుపుకోగలదో చెబుతుంది, ఎన్నింటిని బాగా నడపగలదో చెప్పదు. ఒక వైఫై ఛానల్‌లో ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి. గ్రామసభలో ఉన్నది ఒకే మైకు అనుకోండి. నెమ్మదిగా నసిగే మనిషి మైకు పట్టుకుంటే మిగతా అందరూ ఆగాల్సిందే. వెనక గదిలో బలహీనమైన సిగ్నల్‌తో కుంటుతున్న పాత ఫోను చేసేది అదే. అది కొద్ది డేటాకే ఎక్కువ సమయం తినేస్తుంది, పక్క గదిలోని మంచి ఫోను కూడా నెమ్మదిస్తుంది.

వైఫై 6 రూటర్లు ఒకే విడతలో పలు పరికరాలకు డేటా పంచగలవు. పరికరాలు ఎక్కువున్న ఇంటికి అది పనికొచ్చే గుణమే, కానీ మీ ఫోన్లు కూడా వైఫై 6వి అయితేనే పూర్తి లాభం. అంతకంటే చవకైన ఉపాయం ఒకటుంది: కదలని వాటిని తీగకు కట్టేయండి. టీవీకి, డెస్క్‌టాప్‌కు, కెమెరాల రికార్డరుకు ల్యాన్ కేబుల్ వేస్తే గాలిలో జాగా ఫోన్లకు మిగులుతుంది.

అపోహ: నెట్ నెమ్మదించిందంటే పెద్ద ప్లాను తీసుకోవాలి.

వాస్తవం: లెక్క వేసి చూడండి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే ప్రకారం ఫుల్ హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్, 4కే వీడియోకు 15 ఎంబీపీఎస్ చాలు. ఒక టీవీలో 4కే సినిమా, రెండు ఫోన్లలో హెచ్‌డీ వీడియోలు, ఒక ఆఫీసు వీడియో మీటింగు, రెండు కెమెరాలు కలిపినా 35 ఎంబీపీఎస్ దరిదాపుల్లోనే ఉంటుంది. 50 ఎంబీపీఎస్ ప్లాను ఉన్న ఇంట్లో ఇది నడవకపోతే లోపం చాలాసార్లు ప్లానులో ఉండదు. రూటర్ పక్కనే నిలబడి 5 గిగాహెర్ట్జ్‌లో పరీక్షించండి. అక్కడ పూర్తి వేగం వస్తే ఆపరేటర్‌ను తప్పుపట్టి లాభం లేదు, ఇల్లే సర్దుకోవాలి. అక్కడా రాకపోతే ఆపరేటర్‌నే అడగాలి. ఫోనులో నిండా కనిపించే గీతలు రూటర్‌తో బంధాన్నే చూపిస్తాయి, బయటి నెట్ వేగాన్ని కాదు.

అపోహ: ఏసీ1200 అంటే 1200 ఎంబీపీఎస్ వస్తుంది.

వాస్తవం: అది రెండు బ్యాండుల గరిష్ఠ అంకెల మొత్తం. 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867. ఫోను మామూలుగా ఒక సమయంలో ఒక బ్యాండులోనే ఉంటుంది, పైగా ఆచరణలో ఆ అంకె కంటే బాగా తక్కువే అందుతుంది. ఏఎక్స్1500 కూడా అంతే, 300కు 1201 కలిపిన లెక్క. ఎన్300 అని ఉంటే ఉన్నది ఒక్క 2.4 బ్యాండే. పరికరాలు ఎక్కువున్న ఇంటికి అది వద్దు.

డబ్బా తిప్పి పోర్టుల వివరం చదవండి. చవక రకాల్లో పోర్టులు 10/100వి ఉంటాయి. మీరు 200 ప్లానుకు డబ్బు కట్టినా ఆ పోర్టులోంచి 95 దగ్గర ఆగిపోతుంది. 100కు మించిన ప్లానుంటే ‘గిగాబిట్’ అన్న మాట డబ్బా మీద ఉండి తీరాలి.

అపోహ: 5 గిగాహెర్ట్జ్ ఉంటే 2.4తో పనిలేదు.

వాస్తవం: రెండూ కావాలి. 5లో వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. 2.4 దూరం వెళ్తుంది, కానీ అందులో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే: 1, 6, 11. పుంగనూరు పాత వీధుల్లాంటి చోట్ల గోడకు గోడ ఆనిన ఇళ్లలో పదిమంది రూటర్లు ఈ మూడింటి మీదే పడతాయి. ఫోన్లు, టీవీ 5లో పెట్టండి. చాలా సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు 2.4 మాత్రమే అందుకుంటాయి కాబట్టి దాన్ని వాటికి వదలండి. 2.4లో ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌గా ఉంచితే ఇరుగుపొరుగు పోరు తగ్గుతుంది.

అపోహ: మిద్దె మీదికి సిగ్నల్ రాకపోతే రిపీటర్ పెడితే సరి.

వాస్తవం: చవక రిపీటర్ విన్నదాన్నే మళ్లీ అదే బ్యాండులో చెబుతుంది. అందుకే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట దాన్ని పెడితే ఆ బలహీనతే పైకి వెళ్తుంది. దానికి బదులు కింది నుంచి పైకి ఒక క్యాట్ 6 కేబుల్ లాగి, చివర రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే తీగలో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచేలా పెట్టండి. 100 మీటర్ల దాకా ఆ కేబుల్ గిగాబిట్ వేగం మోస్తుంది. రెండు బ్యాండుల పాత రూటర్ మూలన పడి ఉంటే దానితోనే ఈ పని జరుగుతుంది. కొత్తగా ఇల్లు కట్టేవారు ప్రతి అంతస్తుకూ ఒక ఖాళీ పైపు గోడలో వేయించుకోవాలి.

అపోహ: కొత్త రూటర్ కొంటే ఆపరేటర్ పెట్టె తీసేయొచ్చు.

వాస్తవం: ఫైబర్‌లో వచ్చేది కాంతి. దాన్ని రూటర్‌కు అర్థమయ్యే సంకేతంగా మార్చేది ఆ పెట్టే. కొత్త రూటర్ దాని వెనక ల్యాన్ కేబుల్‌తో కలవాలి. కాబట్టి ‘వాన్’ పోర్టున్నది కొనండి. టెలిఫోన్ తీగ పెట్టే పాత రకం కొనవద్దు. కరెంటు పోయినా నెట్ నిలవాలంటే మినీ యూపీఎస్ రెండింటికీ ఉండాలి. రూటర్‌కు ఒక్కదానికే పెడితే వైఫై కనిపిస్తుంది, నెట్ రాదు. రెండింటి అడాప్టర్ల మీద ఉన్న వోల్టేజీ, ఆంపియర్లు చూసుకునే యూపీఎస్ తీసుకోవాలి.

దుకాణంలో ఏం అడగాలి?

రెండు బ్యాండులు, గిగాబిట్ పోర్టులు, డబ్ల్యూపీఏ3 భద్రత, యాక్సెస్ పాయింట్ మోడ్. ఈ నాలుగూ ఉన్నది సుమారు రెండు వేల నుంచి మూడున్నర వేల రూపాయల్లో దొరుకుతుంది. ధరలో పెద్ద తేడా లేకపోతే వైఫై 6 తీసుకోండి. వైఫై 7 అందుకునే ఫోను ఇంట్లో ఒక్కటీ లేనప్పుడు దానికి రెట్టింపు పెట్టడం వృథా. ఇంటికి తేగానే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. మిగిలిన డబ్బు కేబుల్‌కు ఖర్చుపెట్టండి. రూటర్ కొన్నేళ్లకు పాతబడి మార్చాల్సి వస్తుంది. గోడలో వేసిన కేబుల్ ఆ తర్వాత కొనే రూటర్‌కూ పనికొస్తుంది.