మిద్దెతోట పురుగులకు ఇంటి మందులు: ముందు పురుగును చూడండి, తర్వాతే కషాయం కాచండి

కషాయాల తయారీ వీడియోలో చూపించాం కదా. కొలతలతో పాటు ఏ పురుగుకు ఏది వాడాలో రాసి పెట్టుకోవడానికి వీలుగా ఇక్కడ ఇస్తున్నాం.

"అన్ని కషాయాలూ కొట్టాం, ఏదీ పనిచేయలేదు" అనే మాట మిద్దెతోటల్లో తరచూ వినిపిస్తుంది. చాలాసార్లు లోపం మందులో ఉండదు. పురుగు ఒకటైతే మనం కొట్టేది ఇంకోదానికి. పురుగు ఆకు అడుగున ఉంటే మనం తడిపేది ఆకు పైన. పైగా ఘాటు మందు కొట్టగానే ఆ పురుగుల్ని తినే మిత్ర పురుగులు ముందు చచ్చిపోతాయి. అందుకే స్ప్రేయర్ పట్టుకునే ముందు ఆకును తిప్పి చూడటం అలవాటు చేసుకోవాలి.

ఆకు చూసి పురుగును పట్టడం

ఆకులకు రంధ్రాలు పడి, కింద నల్లటి రెట్టలు కనిపిస్తే అది ఆకు తినే గొంగళి పురుగు. ఆకు ముడుచుకుని, జిగురుగా ఉండి, చీమలు బారులు కడుతుంటే రసం పీల్చే పురుగు. చిక్కుడు, అలసందల మీద గుంపులుగా ఉండేది పేనుబంక. మందారం, వంగ కొమ్మల మీద తెల్లటి దూదిలా ఉండేది పిండినల్లి. మొక్కను కదిపితే తెల్లగా ఎగిరేది తెల్లదోమ.

మిరపలో ముడత రెండు రకాలు. ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా తిరిగితే తామర పురుగులు. కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటే నల్లి.

మొదటి మందు: నీళ్లు, బూడిద, కుంకుడు

రసం పీల్చే పురుగు కొద్దిగా ఉన్నప్పుడే కషాయం దాకా పోనక్కర్లేదు. పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్లు కొడితే పేనుబంక సగానికి పైగా రాలిపోతుంది. రెండు మూడు రోజులు వరుసగా కొట్టాలి. చిక్కుడు మీద పేనుబంకకు మన పెద్దవాళ్లు చేసినట్టే పొద్దున్నే మంచు తడి మీద జల్లెడ పట్టిన కట్టెల బూడిద చల్లొచ్చు. బూడిదకు క్షార గుణం ఉంటుంది కాబట్టి కుండీ మట్టిలో గుప్పెళ్లకొద్దీ పోయకండి.

పిండినల్లి ఒంటి మీద మైనం పూత ఉంటుంది. ఉత్త కషాయం దాని మీద నిలవదు, జారిపోతుంది. నాలుగైదు కుంకుడు కాయల తొక్కు అర లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పిసికి, వడకట్టి ఆ నీళ్లు నేరుగా పట్టించాలి. ముదిరిన చోట పాత టూత్‌బ్రష్‌తో రుద్దేయండి. కుంకుడు నీళ్లు చేపలకు విషం. తామర తొట్టిలో చేపలుంటే ఆ పక్కన కొట్టొద్దు.

చీమల సంగతి కూడా చూడాలి. పేనుబంక, పిండినల్లి వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి, తినడానికి వచ్చే మిత్ర పురుగుల్ని తరిమేస్తాయి. కుండీ స్టాండు కాళ్లను నీళ్ల పళ్లేల్లో పెడితే ఆ దారి మూసుకుపోతుంది.

వేప గింజల కషాయం

జూన్, జూలైలో వేపపళ్లు రాలేటప్పుడు ఏరి, గుజ్జు తీసి, నీడలో ఆరబెట్టి గోనె సంచిలో దాచుకుంటే ఏడాదికి సరిపడా మందు ఉచితంగా వచ్చినట్టే. 50 గ్రాముల వేప పప్పు దంచి, పల్చటి గుడ్డలో మూట కట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూట పిండి, వడకట్టి, రెండు చెంచాల కుంకుడు రసం కలిపితే 5 శాతం కషాయం సిద్ధం. నీళ్లు కలపక్కర్లేదు. నిల్వ ఉంచకుండా ఆ రోజే వాడేయాలి.

వేప పురుగును తాకగానే చంపదు. వేపలోని చేదు పురుగును తిననివ్వదు, కుబుసం విడిచి పెరగనివ్వదు. ఫలితం కనపడటానికి నాలుగైదు రోజులు పడుతుంది. "నిన్న కొట్టాను, ఇవాళ ఇంకా తిరుగుతూనే ఉంది" అని మందు మార్చేయకండి. ఎండకు వేప శక్తి తగ్గిపోతుంది కాబట్టి సాయంత్రమే కొట్టాలి. గుడ్లు మళ్లీ పొదుగుతాయి కాబట్టి వారానికి ఇంకోసారి కొట్టాలి.

నీమాస్త్రం

సుభాష్ పాలేకర్ గారి పద్ధతిలో 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపాకు ముద్ద, 5 లీటర్ల గోమూత్రం, 2 కిలోల ఆవు పేడ. మిద్దెతోటకు 10 లీటర్లు చాలు: అర కిలో వేపాకు, అర లీటరు గోమూత్రం, 200 గ్రాముల పేడ. నీడలో ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పుతూ, రెండు రోజుల తర్వాత వడకట్టి నేరుగా కొట్టొచ్చు. రసం పీల్చే పురుగులకు, చిన్న గొంగళి పురుగులకు ఇది సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. కొత్తిమీర, పుదీనాలాంటి పచ్చిగా తినే ఆకుల మీద పేడ, మూత్రం కలిసిన మందులు కొట్టొద్దు. వాటికి నీళ్లు, వేప కషాయం చాలు. అదీ కోతకు వారం ముందే ఆపేయాలి.

మిర్చి, వెల్లుల్లి... పొగాకు వద్దు

గొంగళి పురుగు ఉధృతంగా ఉంటే 50 గ్రాముల పచ్చిమిర్చి, 50 గ్రాముల వెల్లుల్లి నూరి, లీటరు గోమూత్రంలో నాలుగైదు పొంగులు వచ్చేదాకా ఆరుబయట కాచి, రెండు రోజుల తర్వాత వడకట్టాలి. లీటరు నీటికి 30 మిల్లీలీటర్లు. మూతికి గుడ్డ కట్టుకుని, గాలి వాలు చూసుకుని కొట్టండి.

అగ్నిఅస్త్రంలో పొగాకు కూడా వేస్తారు. ఇంటి తోటలో మాత్రం వద్దు. నికోటిన్ మనుషులకూ విషమే. పిల్లలు తిరిగే, రోజూ ఆకుకూరలు కోసే చోట అది ప్రమాదం. పొగాకు ద్వారా టమాటా, మిరపలకు మొజాయిక్ వైరస్ అంటుకునే అవకాశం కూడా ఉంది.

స్ప్రే చేరని చోట

వంగ చివుళ్లు వాలిపోతే లోపల తొలిచే పురుగు ఉన్నట్టు. లోపలికి వెళ్లినదాన్ని ఏ కషాయమూ చేరదు. వాలిన చివురును పురుగుతో సహా తుంచి నాశనం చేయాలి. కాకర, బీరలో పండు ఈగకూ అంతే. పిందెకు కాగితం సంచి కట్టాలి, రాలిన కాయల్ని ఏరి లోతుగా పాతిపెట్టాలి.

బెండ ఆకు ఈనెలు పసుపెక్కితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. దానికి మందు లేదు, మొక్కను పీకేయడమే. మిగతా మొక్కల్ని కాపాడటానికి పసుపు అట్టకు ఆముదం రాసి మొక్కల ఎత్తులో వేలాడదీయండి. తామర పురుగులకైతే నీలం అట్ట.

మిత్రుల్ని చంపుకోవద్దు

నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా పేనుబంక మధ్య తిరిగేది అక్షింతల పురుగు పిల్ల. దాన్ని చూసి భయపడి నలిపేయకండి, అది పేనుబంకను తినడానికే వచ్చింది. వంగ ఆకును జల్లెడలా గోకేసే, మెరుపు లేని, ఒళ్లంతా చుక్కలున్న పెంకు పురుగు మాత్రం శత్రువే. దాన్ని చేత్తో ఏరేయండి.

ఏ మందైనా ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి, ఒక రోజు ఆగి, ఆకు మాడలేదని చూశాకే మొక్కంతా కొట్టండి. దోస, బీరలాంటి లేత ఆకులు త్వరగా మాడతాయి. ఆకు తిప్పి చూడటం, చేత్తో ఏరడం, నీళ్లు, బూడిద లేదా కుంకుడు, ఆ తర్వాత వేప, చివరగా మిర్చి-వెల్లుల్లి: ఈ వరుస పాటిస్తే చాలా తోటల్లో చివరి మెట్టు దాకా పోవాల్సిన పనే ఉండదు.