గ్లూకోమీటర్‌లా మందుని కూడా కొలవొచ్చా? ఒక్క చుక్క రక్తం, ఒక స్ట్రిప్, ఒక పెద్ద చిక్కు

2021 ఏప్రిల్. నల్లకుంటలో మా రూమ్. రూమ్‌మేట్‌కి కోవిడ్ పాజిటివ్ వచ్చింది, డాక్టర్ ఫావిపిరవిర్ రాశారు. 200 ఎంజీ టాబ్లెట్లు మొదటి రోజు పొద్దున 9, రాత్రి 9! తర్వాత రోజుకి 8 చొప్పున. 14 రోజుల పూర్తి కోర్సు అంటే 122 టాబ్లెట్లు. వేలికి ఆక్సిమీటర్, చేతికి స్మార్ట్ బ్యాండ్ పెట్టుకుని వాడు అడిగాడు: "ఒరేయ్, అన్నీ కొలుస్తున్నాం. ఇన్ని మింగాను కదా, మందు లోపల సరిపడా ఉందో లేదో చెప్పే గ్యాడ్జెట్ లేదా?"

అప్పుడు నవ్వేశాను కానీ, ప్రశ్న చాలా కరెక్ట్.

2014-15లో గినియాలో ఎబోలా పేషెంట్లకి ఇదే మందు ఇచ్చి చూశారు. ఆ ట్రయల్ పేరు జికి. 2వ రోజు రక్తంలో మిల్లీలీటర్‌కి 46 మైక్రోగ్రాముల దాకా ఉన్న మందు, 4వ రోజుకి 26 దగ్గరకి పడిపోయింది. అది కూడా డోసులు మానకుండా వేసుకుంటుంటే! ఇలాంటప్పుడు మందు ఫెయిలైతే రెండు అర్థాలు ఉంటాయి. మందే పనికిరాదు, లేదా చాలినంత చేరలేదు. కొలవకపోతే ఏది నిజమో తేలదు. కోడ్‌లో లాగ్స్ లేకుండా బగ్ వెతికినట్టే.

ఈ మందుకి మన తార్నాకతో లింక్ ఉంది. ఉప్పల్ రోడ్డులోని ఐఐసీటీ దీన్ని చవగ్గా తయారుచేసే పద్ధతిని సిప్లాకి ఇచ్చింది. 2020 జూన్‌లో గ్లెన్‌మార్క్ టాబ్లెట్ 103 రూపాయలకి వస్తే, జూలైలో సిప్లా 68 అని ప్రకటించింది. తయారీ మన దగ్గర సాల్వ్ అయింది. కొలతే మిగిలింది.

ప్రస్తుతం కొలవాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్ తగిలించిన పెద్ద మెషీన్ కావాలి. నమ్మకమైనదే, కానీ దాన్ని నడపడానికి ట్రైనింగ్ ఉన్న మనిషి, శాంపిల్ శుభ్రం చేయడానికి టైమ్, పెట్టడానికి ఏసీ గది కావాలి. దీనికి చౌకైన దారి ఎలక్ట్రోకెమిస్ట్రీ. ఇంట్లో షుగర్ చూసుకునే గ్లూకోమీటర్ నడిచేది దాని మీదే.

అయితే గ్లూకోమీటర్‌కి ఒక అదృష్టం ఉంది. స్ట్రిప్ మీద గ్లూకోజ్‌ని మాత్రమే పట్టుకునే ఎంజైమ్ ఉంటుంది. అందుకే ఒకే వోల్టేజ్ పెట్టి కరెంట్ చదివితే చాలు. ఫావిపిరవిర్‌కి అలాంటి రెడీమేడ్ ఎంజైమ్ స్ట్రిప్ లేదు. కాబట్టి వోల్టేజ్‌ని మెల్లగా పెంచుకుంటూ పోతారు. ఒక్కో పదార్థం ఒక్కో వోల్టేజ్ దగ్గర ఎలక్ట్రాన్లు వదులుతుంది, అక్కడ గ్రాఫ్‌లో కరెంట్ గుట్టలా లేస్తుంది. గుట్ట ఎక్కడ లేచిందన్నది ఏ పదార్థమో చెబుతుంది, ఎత్తు ఎంత ఉందో చెబుతుంది. ఇంకా క్లీన్‌గా కావాలంటే చిన్న చిన్న పల్స్‌లు ఇచ్చి, పల్స్‌కి ముందు కరెంట్‌ని పల్స్ చివరి కరెంట్ నుంచి తీసేస్తారు. నైట్ ఫొటోలో సెన్సర్ నాయిస్‌ని విడిగా తీసి మైనస్ చేస్తారే, అలాంటి ఐడియానే.

హార్డ్‌వేర్ ఖరీదా? కాదు. 2011లో చీప్‌స్టాట్ అనే ఓపెన్ డిజైన్ 80 డాలర్ల లోపు విడిభాగాలతో వచ్చింది. 2014లో హార్వర్డ్ వాళ్లు 25 డాలర్ల దగ్గర ఇంకోటి చేశారు. అది రీడింగ్‌ని శబ్దంగా మార్చి హెడ్‌ఫోన్ జాక్ ద్వారా మామూలు ఫోన్ కాల్‌లోనే పంపేస్తుంది! స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు. (హెడ్‌ఫోన్ జాక్ తీసేసిన కంపెనీలకి ఇంకో తిట్టు ఇక్కడ బాకీ.)

మరి చిక్కు ఎక్కడ? రక్తంలో. యూరిక్ యాసిడ్, విటమిన్ సి రెండూ ఎలక్ట్రాన్లు ఇట్టే వదిలేస్తాయి. మగవాళ్ల రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగానే మిల్లీలీటర్‌కి 70 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు, అంటే మనం వెతికే మందు కంటే ఎక్కువ. పైగా ఫావిపిరవిర్ వేసుకుంటే యూరిక్ యాసిడ్ పెరుగుతుంది! మందే తన కొలతకి అడ్డుపడే దాన్ని పెంచుతుందన్నమాట. యూరిక్ యాసిడ్ గుట్ట తక్కువ వోల్టేజ్‌లో, మందు గుట్ట బాగా పైన వస్తాయి కాబట్టి స్వీప్ చేస్తే విడివిడిగా కనపడతాయి. కానీ గ్లూకోమీటర్‌లా ఒకే ఎత్తు వోల్టేజ్ పెట్టి చదివితే రెండూ కలిసిపోయి "మందు ఫుల్లుగా ఉంది" అని అబద్ధం చెబుతుంది. ఇది కాక, ప్రొటీన్లు ఎలక్ట్రోడ్‌కి అంటుకుని రీడింగ్‌ని మెల్లగా తగ్గిస్తుంటాయి. అందుకే ఒకసారి వాడి పారేసే ప్రింటెడ్ స్ట్రిప్‌లే బెటర్.

ఒక సాయంత్రం విద్యానగర్ మీదుగా ఓయూ క్యాంపస్ దాటి తార్నాక దాకా నడుస్తూ, కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్న ఫ్రెండ్‌తో అన్నాను, ఓ పేపర్‌లో సీరమ్ మీద 98 శాతం కరెక్ట్‌గా వచ్చిందట అని. "ఆ సీరమ్‌లో మందు కలిపింది వాళ్లే రా. పేషెంట్ రక్తం కాదు" అన్నాడు. చాలా పేపర్లు అంతే. ఆరోగ్యవంతుల సీరమ్‌ని బాగా పలచన చేసి, తెలిసినంత మందు వేసి, తిరిగి కొలుస్తారు. మొదటి మెట్టుగా తప్పులేదు, కానీ దాన్ని చూసి సంబరపడటం అంటే మెగాపిక్సెల్స్ చూసి కెమెరా కొన్నట్టే. ఎంత తక్కువ మందుని పట్టుకుంటుంది అన్న నంబర్ నాకు పెద్దగా పట్టదు. మనకి మైక్రోగ్రాములు చాలు, వీళ్లు నానోగ్రాముల కోసం పోటీపడుతున్నారు. నిజం పేషెంట్ల రక్తంలో, ఆ పెద్ద మెషీన్ పక్కన పెట్టి పోల్చారా? నేను ముందు చూసేది అది.

ఇంకో సంగతి. 2021 నవంబర్‌లో వచ్చిన ప్రెసెకో ట్రయల్‌లో, తేలికపాటి కోవిడ్ వాళ్లు ఫావిపిరవిర్‌తో త్వరగా కోలుకున్నట్టు తేలలేదు. మావాడికి చెబితే "122 మింగించారు కదరా" అన్నాడు. ఇలాంటి మీటర్ అవసరం ఇంకెక్కడైనా ఉందా అంటే, హెచ్ఐవీ మందుల్లో ఉంది. ఎఫావిరెంజ్ లీటర్‌కి 1 ఎంజీ కంటే తగ్గితే వైరస్ తిరగబడే రిస్క్, 4 దాటితే తల తిరుగుడు, నిద్ర సమస్యల రిస్క్ పెరుగుతాయి. అక్కడ జీవితాంతం వేసుకోవాలి కాబట్టి చవకైన స్ట్రిప్‌కి విలువ చాలా ఎక్కువ.

ఇప్పుడు కొనొచ్చా? ఇంట్లో ఫావిపిరవిర్ కొలుచుకునే మీటర్ షాపుల్లో లేదు. బీటెక్‌లో ఉండి పొటెన్షియోస్టాట్ కిట్ కట్టాలనుకుంటే మాత్రం రక్తం జోలికి వెళ్లకండి. పారాసిటమాల్ టాబ్లెట్ ఒకటి బఫర్‌లో కరిగించండి, గుట్ట బాగా కనపడుతుంది. తర్వాత అందులోనే విటమిన్ సి చిటికెడు వేసి మళ్లీ స్వీప్ చేయండి. గ్రాఫ్ ఏమైందో కామెంట్‌లో పెట్టండి.