కొండదారిలో పడక సంచి

2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. మన పల్లెల యౌవనస్థులు హిమాలయాలకు నడిచి వెళ్తామంటే ఇక వింతేమీ లేదు. సాగనంపేటప్పుడు స్వెట్టర్లు, పచ్చళ్ళు సర్దుతాం గాని స్లీపింగ్ బ్యాగు సంగతి మరచిపోతాం.

ఆ సంచి తనంతట తాను వేడి పుట్టించదు. లోపలి బాతు ఈకల నూగు ఉబ్బి గాలిని పట్టి ఉంచుతుంది, మన ఒంటి వేడి అందులో నిలుస్తుంది. చెమట, మట్టి, ముఖ్యంగా మనం తలకు రాసుకునే నూనె పట్టితే నూగు ఉండలు కట్టి అణగిపోతుంది. అటుపైన మంచు రాత్రి వణుకే.

కనుక నడిచిన బట్టలతో అందులో దూరకూడదు. పడుకోవడానికని ఒక జత పొడి బట్టలు, మేజోళ్ళు వేరుగా ఉంచుకోవాలి. అన్నిటికంటె మేలైనది లోపల వేసుకునే పలుచని గుడ్డ సంచి అని మేమంటాం. కొననక్కరలేదు. అమ్మ పాత నూలు చీరను మడిచి అడుగు, ఒక ప్రక్క కుట్టి ఇస్తే చాలు. అద్దె సంచి తీసుకొనేవారికి ఇది మరీ అవసరం.

చలికి ముఖం లోపల దాచుకుంటే ఊపిరి తేమ చేరుతుంది. ముక్కు బయట ఉంచి ఉన్ని టోపీ పెట్టుకోవాలి. ఉదయం వెంటనే చుట్టక, తిరగదీసి గాలికి ఆరవేయాలి.

ఇంటికి వచ్చాక గుడ్డ సంచిని ఉతికితే చాలు. అసలు సంచిని ఉతకవలసివస్తే బండమీద బాదవద్దు. గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బుతో మెల్లగా పిసకండి. తడిసి బరువెక్కుతుంది కనుక రెండు చేతులతో క్రింద నుండి ఎత్తండి. ఉండలను వేళ్ళతో విడదీస్తూ పూర్తిగా ఆరనిచ్చి, పెద్ద దిండు గలీబులో వదులుగా పెట్టండి.