అబ్బాయి పరీక్షకన్నా ముందే గోడకి పరీక్ష!

అబ్బాయి పదో తరగతికొచ్చాడు. హాల్లో టీవీ మోత మధ్య చదువు సాగట్లేదు. ఓ చిన్న గది కావాలి. ఇటుకలతో కట్టిద్దామంటే శ్లాబుమీద బరువు, ఇల్లంతా ఇసుకా సిమెంటూ. ఆ తిప్పలేవీ లేనిది జిప్సం బోర్డు గోడ. రెండు మందపాటి కాగితాల మధ్య జిప్సం నింపి చేసే పలక ఇది.

నేలకీ పైకప్పుకీ జీఐ చానెళ్లు బిగించి, వాటి మధ్య రెండడుగులకొకటి చొప్పున నిలువు చానెళ్లు నిలబెడతారు. ఒకవైపు 12.5 మిల్లీమీటర్ల బోర్డులు స్క్రూలతో బిగిస్తారు. స్క్రూ తల కాగితాన్ని చింపకుండా కాస్త లోపలికి దిగాలి. చిరిగిందా, పట్టు పోయినట్టే. బోర్డు నేలకి ఆనకూడదు, తడి పీలుస్తుంది.

రెండోవైపు మూసేముందే మధ్యలో రాక్‌వూల్ నింపించండి. లేదంటే టీవీ మోత ఆగదు. పుస్తకాల అర ఎక్కడ బిగిస్తారో కూడా అప్పుడే చెప్పాలి. అక్కడ లోపల ప్లైవుడ్ చెక్క పెడతారు. తర్వాత గుర్తొస్తే గోడ విప్పాల్సిందే.

అసలు కష్టం అతుకుల దగ్గరే. కాగితం టేపు అంటించి, పైన మూడు పూతలు వేయాలి. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. వానాకాలమైతే మరింత ఆగాలి. పండగలోపు అయిపోవాలని తొందరపెడితే, రంగేశాక అతుకు వెంట పగులు కనిపిస్తుంది.

చివరగా ఉప్పుకాగితంతో రుద్దాక, గోడ పక్కనుంచి లైటు వేసి చూడండి. ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. వాటిని సరిచేశాకే రంగు డబ్బా మూత తీయండి!