నలుగురిలో ముద్ద దిగనప్పుడు

పెళ్లికి బయల్దేరే ముందు ఇంట్లోనే కడుపు నింపుకుని వెళ్లేవాళ్లు ఉన్నారు. ఆఫీసులో అందరూ క్యారేజీలు విప్పే వేళకి ఫోన్ వచ్చినట్టు బయటికి నడిచేవాళ్లు ఉన్నారు. చుట్టాలింట్లో "ఇవాళ శనివారం, ఒంటిపూట" అని లేని ఉపవాసం చెప్పేవాళ్లు, పులుసు చొక్కా మీద పడుతుందేమోనని పెరుగన్నంతో లేచిపోయేవాళ్లు, చెయ్యి వణుకు కనబడుతుందని మంచినీళ్ల గ్లాసు ముట్టనివాళ్లు ఇంకొందరు. వీళ్లలో చాలామందికి తిండి అంటే ఇష్టమే. ఒంటరిగా ఉంటే హాయిగా తింటారు. పక్కన మనుషులు కూర్చున్నప్పుడే గొంతు పట్టేస్తుంది.

ఇంట్లోవాళ్లు దీన్ని మొహమాటం అని కొట్టిపారేస్తారు. మొహమాటమైతే రెండో వడ్డనకల్లా, మాట కలిసేసరికి సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి పిలుపులు తప్పించుకునేలా చేసేది మొహమాటం కాదు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ నిర్ణయ గ్రంథంలో సోషల్ ఫోబియాను, అంటే నలుగురి చూపుకు బెదిరే భయాన్ని చేర్చినప్పుడు, సభలో మాట్లాడటంతో పాటు నలుగురిలో తినడాన్ని కూడా ఉదాహరణగా చెప్పింది. ఈ భయాన్ని కొలవడానికి మానసిక వైద్యుడు మైకేల్ లీబోవిట్జ్ 1987లో రూపొందించిన ప్రశ్నావళిని నేటికీ వాడుతున్నారు. అందులోని 24 సందర్భాల్లో బయట తినడం ఒకటి, ఇతరులతో కలిసి తాగడం మరొకటి. కాబట్టి ఇది మీ ఒక్కరికే ఉన్న విడ్డూరం కాదు. వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిన బాధ.

గొంతు పట్టేయడం ఊహ కూడా కాదు. ఎక్స్ కిరణాలు కనుగొన్న కొద్ది ఏళ్లకే వాల్టర్ కానన్ అనే అమెరికన్ శరీరశాస్త్రవేత్త పిల్లులకు బిస్మత్ కలిపిన తిండి పెట్టి, వాటి పొట్ట కదలికలను ఆ కిరణాల సాయంతో చూశాడు. పిల్లి నెమ్మదిగా ఉన్నంతసేపూ పొట్ట అలలు అలలుగా కదిలేది. దానికి కోపమో కంగారో కలగగానే ఆ కదలిక ఆగిపోయేది. ఆ పరిశీలనలు ఆయన 1898లో ప్రచురించాడు. మనిషిలోనూ జరిగేది అలాంటిదే. ప్రమాదం ఉందని మెదడు అనుకున్నప్పుడు పారిపోవడానికో పోరాడటానికో ఒంటిని సిద్ధం చేస్తుంది. లాలాజలం తగ్గుతుంది, నోరు ఎండుతుంది, పొట్ట మందగిస్తుంది, గొంతు కండరాలు బిగుసుకుంటాయి, చేతులు వణుకుతాయి. ఎండిన నోట్లో అన్నం ముద్ద పెడితే అది దిగకపోవడంలో వింతేముంది? ఇబ్బందల్లా ఆ తర్వాత వచ్చే ఆలోచనతోనే. "దిగడం లేదు, అందరూ చూస్తున్నారు" అనుకోగానే కంగారు పెరుగుతుంది, నోరు ఇంకాస్త ఎండుతుంది.

ఈ భయం ఏళ్లు గడిచినా ఎందుకు తగ్గదన్నదానికి మనస్తత్వవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో ఇచ్చిన వివరణ నాకు అన్నిటికంటే ఉపయోగకరంగా తోస్తుంది. భయపడే మనిషి దృష్టి ఎదుటివాళ్ల మీద ఉండదు, తన మీదే ఉంటుంది. నా చెయ్యి ఎలా ఉంది, నమిలే చప్పుడు వినబడుతోందా, మూతికి ఏమైనా అంటిందా అని లోపల లెక్క చూసుకుంటూ ఉంటాడు. దానికి తోడు కొన్ని రక్షణ ఉపాయాలు పెట్టుకుంటాడు. గ్లాసును గట్టిగా బిగించి పట్టుకోవడం, మెతుకు మెతుకుగా తినడం, తల ఎత్తకపోవడం, గోడవైపు కుర్చీ వెతుక్కోవడం. ఈ ఉపాయాలే భయాన్ని పోషిస్తాయి. బిగించిన చెయ్యి ఇంకా వణుకుతుంది. తల ఎత్తనివాడు ఎదుటివాళ్లు తనను పట్టించుకోవడం లేదన్న సంగతి ఎన్నడూ చూడలేడు. పూట గడిచాక "ఉపాయం వల్ల బయటపడ్డాను" అనుకుంటాడు. అది లేకపోయినా ఏమీ జరిగేది కాదని తెలుసుకునే అవకాశం ప్రతిసారీ చేజారిపోతుంది.

మనం అనుకున్నంతగా జనం మనల్ని చూస్తారా? మనస్తత్వవేత్త థామస్ గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో విద్యార్థుల చేత గాయకుడు బారీ మానిలో బొమ్మ ఉన్న టీషర్టు తొడిగించి, తోటివాళ్లున్న గదిలోకి పంపారు. అది వేసుకోవడం వాళ్లకు సిగ్గుగా ఉంది. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మ ఎవరిదో గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించింది సుమారు పావు వంతు. విస్తరి ముందు కూర్చున్నవాళ్ల చూపు కూడా ఎక్కువగా గారెల బేసిన్ ఎప్పుడు వస్తుందా అన్నదాని మీదే ఉంటుంది.

అయితే ఈ మాట అందరికీ ఒకేలా వర్తించదు. టీ హోటళ్లలో కులాన్ని బట్టి రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు, వేరే పంక్తిలో కూర్చోబెట్టబడ్డవాళ్లకు "నిన్నెవరూ చూడటం లేదు" అని చెప్పడం అబద్ధం. వాళ్లను చూశారు, కొలిచారు, దూరం పెట్టారు. ఆ భయం అనుభవం నేర్పినది. అక్కడ మారవలసింది ముందు ఆ పంక్తి.

ఇంకో రకం ఆందోళన దీనికి పూర్తిగా ఎదురు. అది గబగబా తినడం. పదిమంది పిల్లల ఇంట్లో, హాస్టల్ మెస్సులో, ఆలస్యమైతే కూర అయిపోయే చోట పెరిగినవాళ్ల చేతులు ఇప్పటికీ పరుగెడతాయి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలోని మిన్నెసోటాలో ఏన్సెల్ కీస్ అనే శరీరశాస్త్రవేత్త, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను అర్ధాకలిలో ఉంచి పరిశీలించాడు. వాళ్లు పళ్లేలు నాకారు, రోజంతా తిండి గురించే మాట్లాడుకున్నారు. తిండి మళ్లీ దొరికాక కూడా కొందరికి ఎంత తిన్నా చాలినట్టు అనిపించలేదు. కొరత మనసులో అంత లోతుగా దిగుతుంది. అలా తినేవాళ్లను తిండిపోతు అనడం అన్యాయం. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. వాళ్లు ఐదు నిమిషాల్లో లేస్తారు, ఆపైన ఆయాసపడతారు. తమకు నచ్చిన కూర మొదటే కొంచెం వేసుకుని పక్కన ఉంచుకుంటే, అది అయిపోతుందన్న తొందర కొంత తగ్గుతుంది. పక్కవాళ్లతో మాట్లాడుతూ తినడం కూడా చేతిని నెమ్మదింపజేస్తుంది.

మొదటి రకం భయానికి మెట్లు మెట్లుగా సాగే అభ్యాసం కావాలి. నమ్మకమైన ఒక మనిషితో టీ, బిస్కెట్టుతో మొదలుపెట్టవచ్చు. తర్వాత అదే మనిషితో టిఫిన్ సెంటర్లో ఇడ్లీ. తర్వాత ఇద్దరు ముగ్గురు సహోద్యోగులతో మధ్యాహ్న భోజనం. బఫే, బంతి చివరికి ఉంచుకోండి. బఫేలో ప్లేటు పట్టుకుని పక్కకు తప్పుకోవచ్చు, బంతిలో ఆ వీలు లేదు కాబట్టి బంతి మరీ చివరన. ఒక్కో మెట్టు మీద ఒక్కో ఉపాయాన్ని వదలాలి. ఒకరోజు గోడవైపు కుర్చీ, ఇంకో రోజు బిగించిన గ్లాసు. వెళ్లేముందు ఏం జరుగుతుందని భయపడుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. "చెయ్యి వణుకుతుంది, అందరూ నవ్వుతారు" అని. తిరిగొచ్చాక ఎందరు నవ్వారో పక్కన రాయండి. కంగారు పెరిగినప్పుడు లేచిపోకుండా కూర్చోగలిగితే అది దానంతటదే దిగుతుంది. ఆ దిగడాన్ని ఒంటి మీద చూసుకోవడమే ఇందులో అసలు చికిత్స. మొదట్లో సగం ఇడ్లీ వదిలేసినా పరవాలేదు. పళ్లెం ఖాళీ చేయడం ఇక్కడ లక్ష్యం కానే కాదు.

సొంతంగా సాగకపోతే క్లినికల్ సైకాలజిస్టు సాయం తీసుకోవాలి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2013లో పెద్దవాళ్లలో ఈ రుగ్మతకు మొదటి చికిత్సగా సీబీటీని, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ కలిపి మార్చే చికిత్సను సూచించింది. కొందరికి మందులు కూడా అవసరమవుతాయి, అది డాక్టరు చెప్పాలి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 2022 అక్టోబరులో మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఒంటరిగా తిన్నా ముద్ద అడ్డుపడుతుంటే, బరువు తగ్గిపోతుంటే, తిన్నది కక్కేయాలనిపిస్తుంటే అది వేరే జబ్బు కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

వడ్డించేవాళ్లకూ ఒక మాట చెప్పాలి. జపాన్‌లో కలిసి తినే భయానికి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. బడిలో పెట్టిన భోజనం పూర్తిగా తినాల్సిందేనని టీచర్లు పట్టుబట్టడం దీనికి ఒక కారణమని అక్కడ చర్చ నడుస్తోంది. మన దగ్గర ఆ పట్టుదల ప్రేమ రూపంలో వస్తుంది. వద్దంటున్నా విస్తట్లో పడే గరిటె, "ఏంటమ్మా, పిట్ట తిన్నట్టు తింటావు", "అబ్బో, మూడోసారి వేసుకున్నాడే" అనే మాటలు. అన్నవాళ్లు మరుక్షణం మర్చిపోతారు. విన్న పిల్ల పదేళ్ల తర్వాత కూడా పెళ్లిభోజనం తప్పించుకుంటుంది. ఒకసారి అడగండి, వద్దంటే ముందుకు సాగండి. గిన్నెలు చేతికందే చోట పెట్టి, ఎవరికి కావలసింది వాళ్లను వేసుకోనివ్వండి. పళ్లెంలో ఏముందన్నది తప్ప మరేదైనా మాట్లాడండి.